రంగు పూసుకున్నవాళ్ల గురించి రాశావు, ఇంటికి పంపేసినవాళ్లేరి?

తమ్ముడూ,

నీ వ్యాసం మొన్న రాత్రి ఒకసారి చదివాను, నిన్న పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చదివాను. ముందు ఒక మాట. నన్ను మేడమ్ అనొద్దు, అక్కా అను చాలు. రెండో మాట, నీకు రాయడం వచ్చు, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకు. పాత హాలీవుడ్ సినిమాల్లో తెల్లవాళ్లు రంగు పూసుకుని చైనావాళ్లుగా, అరబ్బులుగా, మనవాళ్లుగా వేషాలు వేశారని తెలిసినప్పుడు నీకు వచ్చిన కోపం ప్రతి పేరాలో కనిపించింది. అది నిజమైన కోపం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఊరికే బాగుంది అని రెండు ముక్కలు రాసి ఊరుకోలేక.

నువ్వు చేసిన పని ఏమిటంటే, ఒక జాబితా ఇచ్చావు. 1961లో మిక్కీ రూనీ పెట్టుడు పళ్లతో జపాన్ మనిషిగా, 1956లో జాన్ వేన్ చెంగిజ్ ఖాన్‌గా, 1968లో పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమరంగు పులుముకుని బక్షీ అనే ఇండియన్‌గా. అన్నీ నిజాలే. కానీ ఆ ఫొటోలు ఎవరికైనా ఫోన్‌లో దొరుకుతాయి. పాఠకుడు వాటిని చూసి, ఛీ, ఆ రోజుల్లో ఎంత అన్యాయంగా ఉండేవాళ్లో అనుకుని పక్కకి జరుపుతాడు. నీ కోపం అతనికి అంటదు. ఎందుకంటే నువ్వు వేషం వేసినవాడిని చూపించావు కానీ, ఆ వేషం దక్కాల్సిన మనిషి ఆ రోజు ఎక్కడ ఉందో చూపించలేదు. నీ వ్యాసంలో చైనా సంతతి అమెరికన్ నటి ఆనా మే వాంగ్ పేరు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కామాల మధ్యే వచ్చింది. నేనైతే వ్యాసం మొత్తం ఆమె దగ్గర మొదలుపెడతాను.

ఆమె 1905 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో పుట్టింది. నాన్న బట్టలు ఉతికే లాండ్రీ నడిపేవాడు. పదిహేడేళ్లకే, 1922లో, రంగుల్లో తీసిన తొలితరం సినిమాల్లో ఒకదానికి కథానాయిక అయింది. ఆ కథలో తెల్ల భర్త వదిలేసి వెళ్లిపోతే బిడ్డను అతనికే అప్పజెప్పి సముద్రంలో కలిసిపోతుంది. ఆ తర్వాత కూడా ఆమెకు వచ్చిన వేషాలు చాలావరకు రెండే రకాలు, త్యాగం చేసి చచ్చిపోయే పిల్ల, లేకపోతే విషం పెట్టే మాయలాడి. విసుగొచ్చి 1928లో యూరప్ వెళ్లిపోయింది. బెర్లిన్‌లో, లండన్‌లో సినిమాలు చేసింది, జర్మన్ నేర్చుకుంది, లండన్ నాటకరంగం మీద లారెన్స్ ఒలివియే పక్కన ముఖ్య పాత్ర వేసింది. అంత పేరు తెచ్చుకుని వెనక్కి వచ్చాక 1931లో ఒక సినిమాలో నాయిక వేషం ఇచ్చి, అందులో ఆమె తండ్రిగా కాసేపు కనిపించే వార్నర్ ఓలాండ్‌కి ఆమె కంటే రెట్టింపు డబ్బిచ్చారు. ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ వేషంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఆయనే.

ఇక్కడికి వచ్చాక 'ద గుడ్ ఎర్త్' సంగతి రాయి, తీరుబడిగా రాయి. చైనా రైతు కుటుంబం కథ, నవల 1931లో వచ్చింది, ఎం.జి.ఎం. స్టూడియో వాళ్లు సినిమా తీస్తున్నారంటే అమెరికాలో ఉన్న చైనా నటీనటులందరూ ఆశపడ్డారు. అందులో ఓలాన్ అని ఒక రైతు భార్య. కరువులో పిల్లల్ని బతికించుకునే తల్లి. ఆ పాత్ర కోసం ఆనా మే వాంగ్ ఏళ్లపాటు ఎదురుచూసింది. చివరికి రైతు పాత్ర తెల్ల నటుడు పాల్ మునీకి వెళ్లింది, ఓలాన్ పాత్ర జర్మనీలో పుట్టిన లూయీస్ రైనర్‌కి వెళ్లింది. ఆనా మే వాంగ్‌కి స్టూడియో పెట్టిన స్క్రీన్ టెస్ట్ లోటస్ అనే రెండో భార్య పాత్రకి, అంటే ఆ కాపురాన్ని కూల్చే ఆడదానికి. ఆమె ఆ పాత్ర చేయలేదు. అమెరికన్లంతా చైనావాళ్లుగా నటిస్తున్న సినిమాలో, చైనా రక్తం ఉన్న నన్ను పిలిచి ఉన్న ఒక్క చెడ్డ పాత్రా నాకిస్తారా అన్నది ఆమె ప్రశ్న. లోటస్‌గా ఆస్ట్రియా నర్తకి టిలీ లోష్ నటించింది. 1936 జనవరిలో ఆనా మే వాంగ్ చైనా వెళ్లే ఓడ ఎక్కింది, నాన్న పుట్టిన ఊరు చూడ్డానికి. అక్కడ కూడా కొందరు ఆమెను నిలదీశారు, మన దేశాన్ని తక్కువ చేసే వేషాలు ఎందుకు వేశావని. సినిమా 1937లో వచ్చింది, రైనర్‌కి ఆస్కార్ వచ్చింది.

నీకో సంగతి చెప్పాలి. నేను ఈ సినిమా మొదటిసారి ఒక ఫిల్మ్ సొసైటీలో చూశాను, అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఓలాన్‌ని చూసి ఏడ్చాను. మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఆవిడా అలాగే మాటల్లేకుండా పని చేసుకుంటూ పోయేది. చాలా ఏళ్ల తర్వాత ఆనా మే వాంగ్ కథ చదివాక ఆ ఏడుపు నాదేనా, మోసపోయానా అని బాధపడ్డాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. రైనర్ బాగానే నటించింది. ఆ నటన గొప్పదని రాయి, ఆ వేషం ఆమెకి వెళ్లడం అన్యాయమని కూడా రాయి, రెండూ ఒకే పేరాలో రాయి. నీ వ్యాసంలో రంగు పూసుకున్న ప్రతివాడూ చేతకాని నటుడే అన్నట్టు రాశావు. అది నిజం కాదు, పైగా అలా అంటే వాళ్లు బాగా నటించి ఉంటే పర్వాలేదన్న అర్థం వస్తుంది.

ఇప్పుడు 'ఎందుకు' దగ్గరికి రా. నువ్వు జాత్యహంకారం అని ఒక్క మాట రాసి వదిలేశావు. ఆ మాట కింద కాగితాలున్నాయి, చట్టాలున్నాయి, అవి చూపించు. హాలీవుడ్ స్టూడియోలు 1930లో ప్రొడక్షన్ కోడ్ అని ఒక నియమావళి రాసుకున్నాయి, 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. తెరమీద జాతుల మధ్య ప్రేమా, కాపురం చూపించకూడదన్నది అందులో ఒక నిషేధం. అక్షరాలా రాసింది తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అనే, కానీ ఆచరణలో ఆసియావాళ్లకి కూడా వర్తింపజేశారు. ఆ నిషేధం 1956 దాకా ఉంది. రైతు పాత్ర పాల్ మునీకి ఇచ్చేశాక అతని భార్యగా ఒక చైనా నటి తెరమీద కనిపించే దారి దాదాపు మూసుకుపోయినట్టే. తెర బయట చూస్తే, కాలిఫోర్నియాలో ఆనా మే వాంగ్ ఒక తెల్ల మనిషిని పెళ్లాడటమే చట్టవిరుద్ధం. 1948లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అంతే. అమెరికాలోనే పుట్టిన ఆమె పరదేశం వెళ్లి తిరిగి రావాలంటే నేను ఇక్కడి పౌరురాలినే అని ముందుగా దరఖాస్తు పెట్టుకుని వెళ్లాలి, ఎందుకంటే చైనావాళ్లను రానివ్వకూడదన్న 1882 నాటి చట్టం 1943 వరకు అమల్లో ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టావనుకో, ఎవర్నీ నువ్వు తిట్టనక్కర్లేదు.

'ద గుడ్ ఎర్త్'లోనే ఇంకొకటి ఉంది, నీకు పనికొస్తుంది. తల్లీ తండ్రీ యూరప్‌లో పుట్టిన నటులు, వాళ్ల పెద్దకొడుకు మాత్రం కీ ల్యూక్, చైనాలో పుట్టి సియాటిల్‌లో పెరిగినవాడు. అతను చార్లీ చాన్ సినిమాల్లో కూడా స్వీడన్ తండ్రికి పెద్దకొడుకే. మళ్లీ చూసినప్పుడు నేను ఆ ఇంటి సీన్లే వెనక్కి తిప్పి తిప్పి చూశాను, ఆ అబ్బాయి ముఖం చూడ్డానికి.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగావు. నటన అంటేనే మనం కానిది కావడం కదా అక్కా, మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా వేస్తే చూసి మురిసిపోయాం కదా, మరి అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పు అని. మంచి ప్రశ్న, దీన్ని వ్యాసంలో పెట్టాల్సింది, ఎందుకు దాచుకున్నావు? స్థానంవారు చీర కట్టి అద్దం ముందు నిలబడితే అది కళే, నేను మా తాతగారి నోట విన్న ముచ్చట్లు ఒక పుస్తకానికి సరిపోతాయి. కానీ ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లను రంగస్థలం ఎక్కనిచ్చారా? సత్యభామగా నిలబడగలిగిన ఎంతమంది ఆడపిల్లలు వంటింట్లో పద్యాలు పాడుకుని ఊరుకున్నారో మనకు తెలీదు. స్థానంవారి గొప్పతనం తగ్గించకుండానే ఆ ప్రశ్న అడగొచ్చు. అక్కడా ఇక్కడా నేను చూసేది ఒక్కటే, మార్పిడి రెండు వైపులా జరిగిందా లేదా అని. పాల్ మునీ ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్‌గా వేశాడు, రచయిత జోలాగా వేశాడు, చైనా రైతుగా వేశాడు, 1939లో మెక్సికో ఆదివాసి నాయకుడు హువారెజ్‌గా కూడా వేశాడు. కీ ల్యూక్‌ని ఎవరూ పాశ్చర్ వేషానికి పిలవలేదు.

మన దేశం గురించి నువ్వు రాసిన భాగం చాలా పలచగా ఉంది, అక్కడ నీ దగ్గర ఎక్కువ ఉండాలి. 1939లో టైరోన్ పవర్ మేజర్ రామా సఫ్తీ అనే ఇండియన్ డాక్టర్, 1955లో అదే కథ మళ్లీ తీస్తే రిచర్డ్ బర్టన్ ఆ డాక్టర్. సరే, రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లు. ఆగాల్సింది మెర్ల్ ఓబెరాన్ దగ్గర. బొంబాయిలో 1911లో పుట్టింది, తల్లివైపు వాళ్లది సిలోన్ మూలాలున్న యురేషియన్, అంటే యూరప్ ఆసియా రక్తాలు కలిసిన కుటుంబం, కలకత్తాలో పెరిగింది. సినిమాల్లోకి వచ్చాక ఆస్ట్రేలియా పక్కన టాస్మానియా దీవిలో పుట్టానని చెప్పుకుంది. 1935 సినిమాకి ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆమె ఆసియా మూలాలు అప్పుడు లోకానికి తెలీవు. తనను పెంచిన చార్లోట్‌ను ఇంటికొచ్చినవాళ్లకు పనిమనిషిగా పరిచయం చేసేదని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. నిజానికి చార్లోట్ ఆమెకు అమ్మమ్మ, కన్నతల్లి చార్లోట్ కూతురే, ఇంకా చిన్నపిల్ల. 1978లో, చనిపోవడానికి ఏడాది ముందు, టాస్మానియాలోని హోబర్ట్‌లో ఆమెకు పౌర సన్మానం చేశారు. అరవై ఏడేళ్ల వయసులో ఆ వేదిక ఎక్కుతూ ఆమె మనసులో ఏముందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. 2023లో మలేసియా నటి మిషెల్ యో ఉత్తమ నటి ఆస్కార్‌కి నామినేట్ అయినప్పుడు పత్రికలు 'తాను ఆసియా మనిషినని చెప్పుకున్న తొలి నటి' అని ఆచితూచి రాయాల్సి వచ్చింది, ఓబెరాన్ వల్లే.

ఒక్క విషయం మాత్రం వదలకు. 1939లో వచ్చిన 'వదరింగ్ హైట్స్'లో ఓబెరాన్ తెల్లపిల్ల కేథీ. హీత్‌క్లిఫ్‌గా లారెన్స్ ఒలివియే. నవల తెరిచి చూడు, హీత్‌క్లిఫ్ నల్లగా ఉంటాడు, అతణ్ని చూసి ఒక పెద్దమనిషి 'లాస్కర్ పిల్లాడేమో' అంటాడు. లాస్కర్ అంటే బ్రిటిష్ ఓడల్లో పనిచేసే ఇండియా వైపు నావికుడు. లాస్కర్‌లా కనిపించాల్సినవాడు ఇంగ్లీషువాడు, ఇంగ్లీషు పిల్లగా కనిపించాల్సింది బొంబాయిలో పుట్టిన అమ్మాయి, తెరమీద ఇద్దరూ ఒకరికోసం ఒకరు అల్లాడిపోతుంటారు. నువ్వు ఏ వ్యాఖ్యా చేయకుండా ఈ మూడు వాక్యాలు రాసి పేరా ముగించు.

సాబూని నువ్వు అసలు తలుచుకోలేదు, అది నాకు బాధనిపించింది. మైసూరు సంస్థానంలో కారాపూర్ దగ్గర 1924లో పుట్టిన మావటి కొడుకు. ఏనుగు పిల్లాడి కథ తీయడానికి వచ్చిన వాళ్ల కంట పడి, 1937 సినిమాతో ప్రపంచానికి తెలిశాడు. 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్', మోగ్లీ వేషం, ఇవన్నీ పద్దెనిమిది నిండేలోపే. 1944లో అమెరికా పౌరుడయ్యాడు, మామూలు ఇండియన్లకు ఆ హక్కు 1946 చట్టంతో గానీ రాలేదు. బి-24 బాంబర్ విమానం తోక దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుని పసిఫిక్‌లో యుద్ధం చేశాడు, పతకం తెచ్చుకున్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి పెద్ద మగవాడు, అతనికి ఇవ్వడానికి వేషాల్లేవు. 1947లో ఇంగ్లండ్‌లో తీసిన ఒక సినిమాలో అతను రాకుమారుడు, అతను మోజుపడే ఇండియన్ పిల్లగా జీన్ సిమన్స్ ముఖానికి రంగు పూసుకుని కూర్చుంది. 39 ఏళ్లకే, 1963 డిసెంబరులో, గుండె ఆగి పోయాడు. ఒక నల్లపిల్లాడు చిన్నగా ఉన్నంతకాలం ముద్దొచ్చి, మీసం రాగానే ఏ కథలోనూ చోటు లేకుండా పోవడం గురించి నువ్వు ఒక పేజీ రాయగలవు. పక్కన గునగునా నడిచే ఏనుగుని పెట్టకు, అందరూ పెడతారు.

ఇంకో మనిషి, నటుడు ఫిలిప్ ఆన్. కొరియా స్వాతంత్ర్య నాయకుడు ఆన్ చాంగ్‌హో కొడుకు. తండ్రి జపాన్ పాలకుల చెరలో నలిగి 1938లో చనిపోయాడు. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించింది, యుద్ధం సినిమాల్లో జపాన్ సైనికులుగా నటించడానికి జపానీయులే లేరు. అప్పుడు ఆ వేషాలు వేసినవాళ్లలో ఫిలిప్ ఆన్ ఒకడు. తండ్రిని చంపినవాళ్ల యూనిఫాం వేసుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. ఆసియావాళ్లంతా ఒకటే అన్న స్టూడియో లెక్క ఒక మనిషి ఒంటి మీద ఎలా పడుతుందో దీనికంటే బాగా నేనెక్కడా చూడలేదు.

నీ వ్యాసంలో ఒక వాక్యం కొట్టేశాను, ఎర్ర సిరాతో కొట్టేశాను. 'అవమానకరమైన వేషాలు ఒప్పుకున్నవాళ్లు కూడా నేరస్తులే' అన్నావు. హ్యాటీ మెక్‌డానియల్ 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ తీసుకున్న తొలి నల్లజాతి నటి, పనిమనిషి పాత్రకే తీసుకుంది. ఆ రాత్రి ఆ హోటల్లో తోటి నటుల బల్ల దగ్గర కాకుండా గోడవారగా వేసిన ఇంకో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అంతకు ముందు డిసెంబరులో అట్లాంటాలో తన సినిమా మొదటి ఆటకే వెళ్లే వీల్లేకపోయింది. ఆమె అద్దె కట్టుకోవాలి, అన్నం తినాలి. మన ఇంట్లో కూర్చుని ఆమెను నేరస్తురాలు అనడానికి నీకూ నాకూ హక్కు లేదు. ఆమెకు వచ్చిన వేషాలు ఎవరు రాశారో వాళ్ల పేరు వెతుకు.

మన సినిమాల గురించి చివర్లో ఒక పేరా అతికించావు, 'మన దగ్గరా ఇంతే' అని. అలా అతికించకు, ఉంటే లోపలికి తీసుకురా, లేకపోతే తీసెయ్యి. తెలంగాణ యాస దశాబ్దాలపాటు మన తెరమీద ఎవరి నోట వినిపించింది? రౌడీ నోట, జోకర్ నోట. శ్రీకాకుళం యాస పనివాళ్లకి. హీరో మాత్రం ఎక్కడ పుట్టినా ఒకే ప్రామాణిక భాష మాట్లాడాడు. గిరిజన పిల్ల వేషానికి తెల్లటి అమ్మాయిని తెచ్చి మసి పూసి, పూసలు వేసి, అరువు గొంతుతో మాట్లాడించారు. నువ్వు పుట్టిన ఊరి యాసని హాల్లో జనం నవ్వడానికి వాడుకుంటుంటే పక్క సీట్లో కూర్చుని నువ్వూ నవ్వావా? నేను నవ్వాను, పదకొండేళ్లప్పుడు, మా నాన్న పక్కన. ఆయన నవ్వలేదు. ఆయన మాట్లాడేది ఆ యాసే. అది నీకూ జరిగి ఉంటే ఆనా మే వాంగ్ గురించి రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకుని రాయి, వ్యాసంలో పెట్టకపోయినా పర్వాలేదు.

కొన్ని చిన్న పనులు. సినిమా పేరు రాసిన ప్రతిచోటా సంవత్సరం సరిచూసుకో, రెండు తప్పులున్నాయి. ఇంటర్నెట్‌లో ఫొటో మీద అచ్చేసి తిరిగే కొటేషన్లు నాలుగు వాడావు, అవి ఎవరు ఎక్కడ అన్నారో దొరక్కపోతే తీసెయ్యి, మనసుకి నొప్పి అనిపించినా తీసెయ్యి. నటి రీటా మొరెనో మాట మాత్రం ఉంచు, 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో ప్యూర్టోరికో వాళ్లందరికీ ఒకే ముదురు రంగు పూశారని, ప్యూర్టోరికోలో పుట్టిన తనకి కూడా పూశారని ఆమె ఎన్నోసార్లు తన నోటితో చెప్పింది. రాసే ముందు ఆనా మే వాంగ్ నటించిన సినిమాలు కనీసం రెండు పూర్తిగా చూడు, క్లిప్పులు కాదు. 1929లో లండన్‌లో తీసిన 'పికడిలీ'తో మొదలుపెట్టు. అందులో ఆమె వంటగదిలో బల్ల ఎక్కి డాన్స్ చేసే సీన్ ఒకటుంది, అది చూశాక నీ వ్యాసం మొదటి వాక్యం దానంతట అదే మారిపోతుంది.

ఇంకొకటి. ఆమె పేరు నువ్వు మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు. ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు వాంగ్ ల్యూ త్సాంగ్. 2022లో అమెరికా వాళ్లు పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ వేశారు, అక్కడ ఇంగ్లీషు పేరుంది. 1961 ఫిబ్రవరిలో పోయాక మాత్రం ఆమె అస్థికల్ని లాస్ ఏంజిలెస్‌లో తల్లి సమాధిలోనే ఉంచారు. ఆ రాయి మీద ఇంగ్లీషు అక్షరాల్లో తల్లి పేరుంది. సినిమావాళ్లు పిలిచిన పేరు ఎక్కడా లేదు. పక్కన నిలువుగా, చైనా లిపిలో, ఇంట్లో పిలిచిన పేరు చెక్కారు. రెండో డ్రాఫ్ట్‌లో పేర్లు సరిచేసి పంపు, ఈ నెలాఖరులోపు చదివి పెడతాను.

మీ అక్క